రెండు సెకన్ల చూపు

ఈ వారం నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. రోగులకు ఎన్నో జాగ్రత్తలు చెప్పే డాక్టరు, తాను మాత్రం వాటిని పక్కన పెట్టిన కథ ఇది.

నా కారుకు ఏడేళ్లు. అందులో పాత రేడియో, నాలుగు బటన్లు, ఒక గుండ్రటి నాబ్ ఉండేవి. ఇంట్లో పిల్లలు పోరుపెడితే మొన్న ఒక ఆదివారం కారు డెకార్ షాపుకు వెళ్లి, ఆ రేడియో తీయించి 9 అంగుళాల ఆండ్రాయిడ్ టచ్‌స్క్రీన్ పెట్టించాను. మ్యాపు, పాటలు, ఫోన్, వెనుక కెమెరా అన్నీ దాంట్లోనే. పని పూర్తయ్యాక షాపు కుర్రాడు నవ్వుతూ, ‘సార్, బండి నడుస్తున్నా వీడియో ఆగదు. హ్యాండ్‌బ్రేక్ వైరు ఎర్త్ చేసేశాను’ అన్నాడు. నేను అడగకపోయినా చేసిపెట్టిన మేలు అది. అప్పుడు దాని అర్థం నాకు పూర్తిగా తెలియలేదు. థ్యాంక్స్ చెప్పి వచ్చేశాను.

పది రోజుల తర్వాత డ్యూటీ ముగించుకుని పంజాగుట్ట నుంచి ఖైరతాబాద్ వైపు వెళ్తున్నాను. ఎర్రమంజిల్ మెట్రో స్టేషన్ దగ్గర ట్రాఫిక్ కాస్త పలచబడింది. వేగం 40 ఉంటుందేమో. పాట నచ్చక మార్చబోయాను. వేలు ఒకచోట పెడితే ఇంకోచోట పడింది. మళ్లీ చూసి నొక్కాను. తల ఎత్తేసరికి మెట్రో స్తంభాల మధ్య నుంచి చేతి సంచితో ఒక పెద్దావిడ రోడ్డు మీదికి వచ్చేసింది. బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాను. కారు ఆమెకు జానెడు దూరంలో ఆగింది. ఆమె బానెట్ మీద అరచేత్తో ఒక్కటి కొట్టి, ‘ఏం బిడ్డా, కండ్లు యాడ పెట్టుకోని నడుపుతున్నవ్?’ అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. వెనుక హారన్లు మోగుతుంటే ఆమె దాటి వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. క్యాజువాలిటీలో ఎన్నో రాత్రులు పని చేశాను. ప్రమాదంలో దెబ్బలు తగిలి వచ్చిన వారి కేస్ షీటులో మద్యం వాసన ఉందా, హెల్మెట్ పెట్టుకున్నారా, స్పృహ తప్పారా అని రాస్తాం. ‘ఆ క్షణంలో మీ చూపు ఎక్కడుంది?’ అని మాత్రం అడగం. అడిగినా ఎవరూ చెప్పరు. నేనైనా చెప్పి ఉండేవాణ్ని కాదు.

కన్ను చేసే పని

మన కంటిలో స్పష్టంగా చూడగలిగే భాగం చాలా చిన్నది. రెటీనా మధ్యలో ఉండే ఆ చుక్క, చెయ్యి చాపి బొటనవేలి గోరును చూస్తే ఎంత మేర కనిపిస్తుందో దాదాపు అంతే చూడగలదు. మిగతాదంతా మసక చూపే. అంటే స్క్రీన్ మీది అక్షరాన్ని చదువుతున్నప్పుడు రోడ్డు మీద మనిషి ఉన్నా, మెదడుకు అందేది ఒక మసక నీడ మాత్రమే.

పాత నాబ్‌కు, ఈ అద్దానికి తేడా ఇక్కడే ఉంది. నాబ్‌ను చెయ్యి తడుముకుని పట్టుకుంటుంది. ఎంత తిప్పామో వేళ్లకే తెలుస్తుంది. వంటింట్లో చీకట్లో కూడా స్టవ్ నాబ్ దొరుకుతుంది కదా, అలాగే. అద్దానికి ఎత్తుపల్లాలు లేవు. వేలు ఎక్కడ పడిందో కన్ను చూసి చెప్పాల్సిందే. పైగా మన రోడ్ల మీద ఒక గుంత వస్తే వేలు జారుతుంది, మళ్లీ చూడాలి. ఒక పాట మార్చడానికి చూపు మూడుసార్లు రోడ్డును వదిలేస్తుంది.

గంటకు 40 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 11 మీటర్లు వెళ్తుంది. రెండు సెకన్లు కిందికి చూస్తే 22 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. 100 కిలోమీటర్ల వేగంలో అదే రెండు సెకన్లకు దాదాపు 56 మీటర్లు. రోడ్డు మీది నుంచి చూపు రెండు సెకన్లకు మించి తప్పితే ప్రమాదం ముప్పు కనీసం రెట్టింపవుతుందని, నిజమైన డ్రైవర్ల కార్లలో కెమెరాలు పెట్టి చేసిన అమెరికా అధ్యయనం 2006లోనే తేల్చింది. అందుకే అక్కడి రహదారి భద్రతా సంస్థ 2013లో కార్ల కంపెనీలకు మార్గదర్శకాలు ఇస్తూ, కారులోని ఏ పనికైనా ఒక్కో చూపు రెండు సెకన్లు, మొత్తం 12 సెకన్లు దాటకూడదని చెప్పింది.

2022లో స్వీడన్‌లోని ‘వీ బీలెగారె’ అనే కార్ల పత్రిక ఒక సరళమైన పరీక్ష చేసింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో రేడియో మార్చడం, వేడి పెంచడం లాంటి నాలుగు పనులు డ్రైవరు ఎంతసేపట్లో చేయగలడో చూసింది. బటన్లున్న 2005 నాటి పాత వోల్వోలో 10 సెకన్లు పట్టింది, ఆ లోపు కారు 306 మీటర్లు వెళ్లింది. టచ్‌స్క్రీన్ ఉన్న కొత్త కార్లలో అన్నిటికన్నా వెనుకబడినదానిలో దాదాపు 45 సెకన్లు పట్టింది, కారు 1,372 మీటర్లు వెళ్లిపోయింది. సుమారుగా ఒక మెట్రో స్టేషన్ నుంచి తర్వాతి స్టేషన్ దాకా అనుకోండి.

బ్రిటన్‌లో 2020లో రవాణా పరిశోధన సంస్థ టీఆర్‌ఎల్ డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద పరీక్షించింది. ఫోన్‌ను కారు స్క్రీన్‌కు కలిపే ఆండ్రాయిడ్ ఆటో, యాపిల్ కార్‌ప్లేలను వేలితో వాడుతున్నప్పుడు డ్రైవర్లు స్పందించే సమయం 50 శాతానికి పైగా పెరిగింది. అదే సంస్థ అంతకుముందు చేసిన పరీక్షల్లో, అక్కడి చట్టం అనుమతించే పరిమితి దాకా మద్యం తాగినవారిలో పెరిగింది 12 శాతం. తాగి బండెక్కేవాణ్ని మనం తిడతాం. స్క్రీన్ నొక్కుతూ నడిపేవారిని మాత్రం పక్కన కూర్చుని మెచ్చుకుంటాం.

నోటితో చెబితే సరిపోదా?

‘నేను వేలు పెట్టను డాక్టరుగారూ, నోటితోనే చెబుతాను’ అంటారు కొందరు. వేలితో నొక్కడం కన్నా అది మేలే. కానీ రోడ్డుకు కావలసినవి కళ్లు, చేతులు, మనసు మూడూ. కళ్లు ఎదురుగా ఉండి మనసు ఇంకెక్కడో ఉంటే, చూస్తూనే చూడకపోవడం జరుగుతుంది. అమెరికాలో 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో, కొన్ని కార్లలో మాటతో ఆదేశాలిచ్చే పని ముగిశాక కూడా మనసు పూర్తిగా రోడ్డు మీదికి రావడానికి 27 సెకన్ల దాకా పట్టింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మెసేజ్ చూసుకుని పచ్చలైటు పడగానే కదిలేవారు ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి. బండి కదిలిన తర్వాత కూడా మనసు ఆ మెసేజ్ దగ్గరే ఉంటుంది.

నాలాగా నలభై దాటినవారికి ఇంకో చిక్కు ఉంది. ఈ వయసులో కంటి కటకం మెత్తదనం తగ్గుతుంది. దూరం నుంచి దగ్గరికి, దగ్గర నుంచి దూరానికి చూపు కుదురుకోవడం ఆలస్యమవుతుంది. చత్వారం అంటాం. డ్యాష్‌బోర్డు అటు పుస్తకమంత దగ్గరా కాదు, ఇటు రోడ్డంత దూరమూ కాదు. రెండు పవర్ల అద్దాలు పెట్టుకున్నవారు దాన్ని చదవడానికి తల పైకీ కిందికీ ఆడించాల్సి వస్తుంది. షుగరు అదుపులో లేనివారికి చూపు రోజుకో రకంగా ఉండవచ్చు. రాత్రిపూట స్క్రీన్ కాంతి ఎక్కువగా ఉంటే, చీకటికి అలవాటుపడిన కన్ను ఆ అలవాటును పోగొట్టుకుంటుంది. అది పూర్తిగా తిరిగి రావడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది.

చట్టం ఎక్కడ ఉంది?

మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్‌ను 2019లో సవరించారు. డ్రైవింగ్ చేస్తూ చేతిలో ఫోన్ లాంటి పరికరం వాడటాన్ని ప్రమాదకర డ్రైవింగ్ కింద చేర్చారు. మొదటిసారి పట్టుబడితే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. 2020 అక్టోబరు నుంచి దారి చూసుకోవడానికి మాత్రం, అదీ డ్రైవరు ఏకాగ్రత చెదరకుండా, వాడుకోవచ్చని నిబంధన వచ్చింది. గమనించండి, అక్కడ పేరుపెట్టి చెప్పింది చేతిలోని పరికరం గురించి. డ్యాష్‌బోర్డులో బిగించిన 9 అంగుళాల తెర చేతిలో ఉండదు. చలానా కెమెరా దాన్ని చూడదు. కానీ మెదడుకు ఆ తేడా తెలియదు. ఎదురుగా వచ్చే మనిషికి అంతకన్నా తెలియదు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెబుతోంది. అందులో ఎందరు ఒక చూపు తప్పడం వల్ల పోయారో ఏ లెక్కలోనూ విడిగా దొరకదు. యూరప్‌లో కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ మాత్రం మేల్కొంది. ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, అత్యవసర కాల్ వీటికి విడిగా బటనో మీటో ఉంటేనే పూర్తి మార్కులని 2026 నిబంధనల్లో పెట్టింది. 2023 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన మన భారత్ ఎన్‌క్యాప్ కూడా ఆ దారి పట్టాలి. హ్యాండ్‌బ్రేక్ వైరు ఎర్త్ చేసి ఇవ్వడం మేలు కాదని రవాణా శాఖ షాపులవారికి గట్టిగా చెప్పాలి. షాపులవారు కూడా ఆలోచించాలి. ఆ వైరు ఉన్నదే, బండి ఆగినప్పుడు మాత్రమే వీడియో రావాలని. దాన్ని ఎర్త్‌కు కలపడమంటే, బండి నడుస్తున్నా ‘ఆగే ఉంది’ అని స్క్రీన్‌కు అబద్ధం చెప్పడమే.

పెట్టించుకోవాలంటే

స్క్రీనే వద్దని నేను చెప్పడం లేదు. వెనుక కెమెరా పిల్లల ప్రాణాలు కాపాడుతుంది. ఒళ్లో ఫోన్ పెట్టుకుని మ్యాపు చూడటం కన్నా ఎదురుగా బిగించిన తెర మేలు. అయితే కొన్ని జాగ్రత్తలు:

* హ్యాండ్‌బ్రేక్ వైరును హ్యాండ్‌బ్రేక్ స్విచ్‌కే కలపమనండి. ఎర్త్ చేయొద్దని ముందే చెప్పండి.

* తెర వీలైనంత పైన, చూపుకు దగ్గరగా ఉండాలి. కానీ అద్దానికి అడ్డం రాకూడదు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోట ఏదీ బిగించకూడదు. ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటు కన్నా వేగంగా ఉబ్బుతుంది. దాని ముందున్న వస్తువు మీ ముఖం మీదికి వస్తుంది.

* అసలు వైర్లు కోసి టేపు చుట్టడం కాకుండా మీ మోడల్‌కు సరిపోయే కప్లర్ వాడమనండి. ఫ్యూజు తప్పనిసరి. పసుపు రంగు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని ముట్టకూడదు. డ్యాష్‌బోర్డు విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి. కొత్త కారైతే వారంటీ సంగతి ముందే కనుక్కోండి.

* వాల్యూమ్‌కు నాబ్ ఉన్న మోడల్, లేదా స్టీరింగ్ మీది బటన్లతో పనిచేసే మోడల్ ఎంచుకోండి. హెడ్‌లైట్లు వేయగానే కాంతి తగ్గేలా చేయించండి.

* మ్యాపు, పాటలు బండి కదలకముందే పెట్టుకోండి. దారిలో మార్చాలంటే పక్కసీటులో ఉన్నవారికి చెప్పండి. ఒంటరిగా ఉంటే పక్కకు ఆపండి. ఆ రెండు నిమిషాల్లో ఏమీ మునిగిపోదు.

* నలభై దాటాక ఏటా కళ్లు చూపించుకోండి. డ్రైవింగ్ చేస్తానని కంటి డాక్టరుకు చెప్పండి.

క్యాబ్ నడిపే అన్నదమ్ములకు ఇవన్నీ చెప్పడం సులువు, పాటించడం కష్టమని తెలుసు. బుకింగ్ మోగిన కొన్ని సెకన్లలో నొక్కకపోతే కూలి పోతుంది. ఆ భారం వారి వేలి మీద కాదు, బండి నడుస్తుండగా నొక్కమనే యాప్‌ల మీద పడాలి. అది మార్చాల్సింది కంపెనీలు, మార్పించాల్సింది ప్రభుత్వం. మనం చేయగలిగింది ఒకటుంది. క్యాబ్ బుక్ చేశాక ఫోన్ చేసి ‘ఎక్కడున్నారు?’ అని డ్రైవరును పదేపదే అడగకుండా ఉండటం.

చివరగా నా కారు సంగతి. మా మేనల్లుడు అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్నాడు. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటర్‌కు 7 అంగుళాల తెర కలిపి, 12 వోల్టుల బ్యాటరీని 5 వోల్టులకు తగ్గించే చిన్న కన్వర్టర్ పెట్టి, తన స్నేహితుడి పాత కారులో సొంతంగా స్క్రీన్ చేసిపెట్టాడు. ‘మామయ్యా, నీ కారులో కూడా కొత్తది చేసిపెడతా’ అన్నాడు. ‘కొత్తది వద్దురా, ఆ హ్యాండ్‌బ్రేక్ వైరు సరిచేసి పెట్టు’ అన్నాను. అరగంటలో చేసేశాడు. ఇప్పుడు బండి కదిలితే వీడియో రాదు. పాటల జాబితా మాత్రం ఇంకా వస్తుంది. దానికి ఏ వైరూ లేదు, నా వేలిని నేనే ఆపుకోవాలి.

రేపు మీరు స్టీరింగ్ పట్టుకున్నప్పుడు ఆ పెద్దావిడ ప్రశ్న ఒకసారి మీరూ వేసుకోండి. నేను రోజూ వేసుకుంటున్నాను.