ఆసుపత్రి బిల్లు సరే... ఇంట్లో రోజు గడిచేదెలా?

డెబ్బై ఏళ్లు దాటిన అందరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, ఏడాదికి కుటుంబానికి రూ.5 లక్షల వరకు ఉచిత వైద్యం అందేలా కేంద్రం 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్‌ను విస్తరించింది. మంచి అడుగే. గుండెకు స్టెంట్ వేయాలన్నా, తుంటి ఎముక విరిగినా ఆ కార్డు ఆదుకుంటుంది. కానీ మీ ఇంట్లో పెద్దాయనకు డిమెన్షియా ఉందనుకోండి. ఆయనకు ఎక్కువగా కావాల్సింది ఆసుపత్రిలో పడక కాదు. పొద్దున స్నానం చేయించేవారు, సాయంత్రం నాలుగడుగులు నడిపించేవారు, అర్ధరాత్రి లేచి వీధి తలుపు తీస్తుంటే చూసుకునేవారు కావాలి. ఆసుపత్రిలో చేరితేనే వర్తించే బీమాలో ఈ ఖర్చుకు చోటు లేదు.

ఇది ఏ ఒకరిద్దరి ఇళ్ల సమస్యో కాదు. దేశంలో 60 ఏళ్లు పైబడిన వారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. పురుషుల కంటే మహిళల్లోనే ఎక్కువ. సికింద్రాబాద్‌నే చూడండి. మారేడ్‌పల్లి, పద్మారావునగర్, తార్నాక, సైనిక్‌పురి వైపు రైల్వేలోనో, సైన్యంలోనో, బ్యాంకులోనో పనిచేసి రిటైరైనవారు ఎందరో. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటే, భర్తకు జబ్బు వచ్చినప్పుడు చూసుకోవాల్సింది అప్పటికే షుగరు, మోకాళ్ల నొప్పులున్న భార్యే. పిల్లలు దగ్గరున్నా భారమంతా కోడలి మీదో, కూతురి మీదో పడుతుంది.

చాదస్తం అని వదిలేయకండి

కళ్లద్దాలు ఎక్కడ పెట్టారో మరచిపోవడం ఎవరికైనా మామూలే. రోజూ వెళ్లే దారి తెలియకపోవడం, ముప్పై ఏళ్లుగా చేస్తున్న పులుసులో ఏం వేయాలో తోచకపోవడం, డబ్బు లెక్కలు తప్పడం మాత్రం డాక్టరుకు చెప్పాల్సినవి. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్, కుంగుబాటు వల్లా మతిమరుపు వస్తుంది. వీటికి చికిత్స ఉంది. మాట, ప్రవర్తన ఒకట్రెండు రోజుల్లోనే మారిపోతే మూత్రంలో ఇన్‌ఫెక్షనో, సోడియం తగ్గడమో కారణం కావచ్చు. అది అత్యవసరం, వెంటనే చూపించాలి.

అమ్మభాషే ఆసరా

హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా బాధితులపై జరిగిన అధ్యయనం 2013లో ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. ఒకే భాష వచ్చినవారి కంటే రెండు అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించాయి. చదువుకోని వారిలోనూ ఈ తేడా ఉంది. తెలుగు, ఉర్దూ, తమిళం, ఇంగ్లిషు కలగలిసిన మన జంట నగరాలకు ఇది ఆనందం కలిగించే మాటే. అయితే జబ్బు ముదిరేకొద్దీ కొందరిలో తర్వాత నేర్చిన భాషలు ముందుగా జారిపోతాయి. అందుకే అటెండెంట్‌ను పెట్టుకునేటప్పుడు జీతంతోపాటు భాషా చూడండి. ‘నొప్పిగా ఉంది’ అన్న మాట అర్థం కాకపోతే, ఆ బాధే కోపంగా బయటపడుతుంది. చివరికి మొండితనం అనిపించుకుంటుంది.

రోజును తేలిక చేయండి

సొంతింట్లో కూర్చునే ‘ఇంటికి వెళ్దాం’ అంటుంటే వాదించకండి. ‘మీ ఇల్లు ఎలా ఉండేది?’ అని అడగండి. భయం తగ్గితే మాట మళ్లుతుంది. నిద్ర, భోజనం, స్నానం రోజూ ఒకే వేళకు జరగనివ్వండి. చిక్కుడుకాయలు ఒలవడం, పూలు కట్టడం, బట్టలు మడతపెట్టడం వంటి చేతికి అలవాటైన పనులు వారినే చేయనివ్వండి. తప్పులు వెతకొద్దు. వినికిడి, చూపు పరీక్షించండి. స్నానాలగదిలో పట్టుకునే కడ్డీ పెట్టించండి. వంట కాగానే గ్యాస్ కట్టేయండి. జేబులో పేరు, ఫోన్ నంబరు రాసిన కార్డు ఉంచండి. కోపం, అలజడి తగ్గించడానికి ఇచ్చే కొన్ని మందులతో ఈ వయసులో పక్షవాతం ముప్పు, ప్రాణాపాయం పెరగొచ్చు. కాబట్టి డాక్టరు చెప్పకుండా వాటిని మొదలుపెట్టొద్దు, కొనసాగించొద్దు.

సంతకం పెట్టగలిగినప్పుడే

బ్యాంకు ఖాతాలు, నామినీలు, వీలునామా వంటివి జబ్బు తొలిదశలోనే వారి ఇష్టప్రకారం సరిచేసుకోవాలి. మామూలు పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకున్నాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు. రాసిచ్చిన మనిషి మానసిక సామర్థ్యం కోల్పోతే మన చట్టం ప్రకారం అది చెల్లదు. మానసిక వైద్యం విషయంలో తమ తరఫున ఎవరు మాట్లాడాలో ముందే రాసిపెట్టే వీలును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కల్పించింది.

చూసుకునేవారికీ సెలవు కావాలి

వారానికి ఒక పూటైనా ఇంకొకరు బాధ్యత తీసుకోవాలి. దూరంగా ఉన్న పిల్లలు డబ్బు పంపితే సరిపోదు. ఏటా కొన్ని వారాలు వచ్చి అమ్మకో నాన్నకో విశ్రాంతినివ్వాలి. అల్జీమర్స్ బాధితుల కుటుంబాల కోసం పనిచేసే ఏఆర్‌డీఎస్ఐకి హైదరాబాద్‌లో శాఖ ఉంది. పెద్దల కోసం కేంద్రం నడిపే 14567 హెల్ప్‌లైన్‌ను సంప్రదించవచ్చు.

ఇంటి ప్రేమ మీదే అంతా వదిలేస్తే మాత్రం ఆ ప్రేమా అలసిపోతుంది. ప్రతి డివిజన్‌లో ఒక పగటి సంరక్షణ కేంద్రం, బస్తీ దవాఖానాలో మతిమరుపు పరీక్ష, శిక్షణ పొందిన అటెండెంట్లు అవసరం. ప్రభుత్వాన్ని వీటికోసం అడగాలి. అంతవరకు మీ కాలనీ కమ్యూనిటీ హాలును వారానికి రెండు పూటలు వీరికోసం తెరిచి ఉంచమని సంఘం సమావేశంలో అడగండి. ఆ రెండు పూటలూ ఒక ఇల్లాలు కంటినిండా నిద్రపోతుంది.