లోయ పల్లెలు... నగరం వాకిట నలుగుతున్న బతుకులు
నీటికి కాపలా కాసిన భూములకు దక్కని ప్రతిఫలం

మొయినాబాద్‌: అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ తూర్పు దిశగా సాగి, బాపూఘాట్‌ వద్ద ఈసీని కలుపుకొని హైదరాబాద్‌లోకి అడుగిడుతుంది. ఈ రెండు ఏరుల నడుమ, వాటి ఇరువైపులా మొయినాబాద్‌, చేవెళ్ల, శంకర్‌పల్లి, శంషాబాద్‌ మండలాల పల్లెలు విస్తరించి ఉన్నాయి. నగరానికి కూతవేటు దూరంలో ఉన్నప్పటికీ ఈ లోయ దశాబ్దాలపాటు పల్లెగానే మిగిలింది. అందుకు కారణం నీరు.

వరద నేర్పిన పాఠం

1908 సెప్టెంబర్‌ 28న మూసీ ఉప్పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. అనంతరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించగా, ఎగువన జలాశయాలు నిర్మించి వరదను నిలువరించాలని ఆయన సూచించారు. ఆ మేరకు మూసీపై 1920లో ఉస్మాన్‌సాగర్‌, ఈసీపై 1927లో హిమాయత్‌సాగర్‌ పూర్తయ్యాయి. వరద రక్షణకు తలపెట్టిన ఈ జలాశయాలే నగర దాహార్తినీ తీర్చాయి. గండిపేట నీళ్లు తాగినవారు హైదరాబాద్‌ను వీడరన్న నానుడి అలా పుట్టిందే.

గట్టుకు అటూ ఇటూ

జలాశయాలు కలుషితం కాకుండా 1996 మార్చి 8న నాటి ప్రభుత్వం 111 జీవో జారీ చేసింది. పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో పరిశ్రమలు, నివాస కాలనీలు, పెద్ద హోటళ్లపై ఆంక్షలు విధించింది. దాదాపు 1.32 లక్షల ఎకరాలు దీని కిందకు వచ్చాయి. ఒక నూనె పరిశ్రమకు ఇచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు 2000 డిసెంబర్‌లో తోసిపుచ్చింది.

2008లో శంషాబాద్‌ విమానాశ్రయం ప్రారంభమైంది. బాహ్యవలయ రహదారి వచ్చింది. ఆంక్షలు లేని కోకాపేట వైపు భూముల ధరలు ఆకాశాన్నంటగా, జీవో పరిధిలోని రైతు చేను అడ్డికి పావుశేరుగా మిగిలింది. పెళ్లికో, వైద్యానికో అమ్ముకొన్న సన్నకారు రైతు నష్టపోయాడు. కొన్నవారి ఫామ్‌హౌస్‌లు, కల్యాణ మండపాలు మాత్రం వెలిశాయి. నిబంధన బలహీనుడికే వర్తించిందన్న ఆవేదన పల్లెల్లో నేటికీ వినిపిస్తుంది.

సడలింపుతో తీరేనా?

2022 ఏప్రిల్‌ 12న ప్రభుత్వం 69 జీవోతో ఆంక్షలను షరతులతో సడలించింది. 1996లో నగర నీటి సరఫరాలో నాలుగో వంతుకు పైగా సమకూర్చిన జంట జలాశయాల వాటా 1.25 శాతంలోపునకు పడిపోయిందన్నది అందుకు చూపిన కారణం. 2023 మేలో 111 జీవోను పూర్తిగా ఎత్తివేయాలని మంత్రివర్గం నిర్ణయించింది.

కృష్ణా, గోదావరి జలాలు వచ్చినందున తాగునీటి అవసరం తగ్గిన మాట వాస్తవమే. అయితే ఈ జలాశయాల తొలి లక్ష్యం వరద నియంత్రణ. అది నేటికీ మారలేదు. 2020 అక్టోబర్‌లో హిమాయత్‌సాగర్‌ గేట్లు ఎత్తవలసి వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో మూసీ వరద మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌ను చుట్టుముట్టింది. లోయ అంతా కాంక్రీటుమయమైతే నేలలో ఇంకే నీరు తగ్గి, జలాశయాలకు వరద మరింత వేగంగా చేరుతుంది. మురుగునీరు తోడైతే హుస్సేన్‌సాగర్‌ గతే వీటికీ పడుతుంది.

నగరం కోసం భూమిని బీడుపెట్టుకొన్న రైతుకు న్యాయం జరగవలసిందే. ఆంక్షల ఎత్తివేత ఒక్కటే అందుకు మార్గం కాదు. వాగులు, నాలాల హద్దులు ముందుగా తేల్చాలి. మురుగు శుద్ధి కేంద్రాలు నెలకొల్పిన తరువాతే అనుమతులివ్వాలి. సాగు కొనసాగించే రైతుకు అభివృద్ధి హక్కుల బదిలీ ద్వారా పరిహారం దక్కాలి. లేనిపక్షంలో లాభం వ్యాపారులకు, నష్టం రైతులకు, ముంపు నగరానికి మిగులుతుంది.