బస్తర్‌లో కొత్త తరం: పదవి దక్కింది, అధికారం ఏదీ?

ఛత్తీస్‌గఢ్ దక్షిణపు అంచున, సుక్మా జిల్లాలో, భద్రాచలం వైపు సాగే జాతీయ రహదారిపై దోర్నపాల్ ఉంది. శబరి నది దాటితే ఒడిశా. అదే రహదారి వెంట కుంట దాటితే తెలుగు నేల. రెండు దశాబ్దాలుగా ఈ ఊరి పేరు వార్తల్లో వినిపించినదంతా శిబిరాలు, కూంబింగులు, మందుపాతరల సందర్భంలోనే. ఇప్పుడు తుపాకుల మోత తగ్గుముఖం పట్టింది. ఈ మార్పు నిలవాలంటే ఇక్కడి యువతకు స్థానిక పాలనలో ఎంత చోటు దక్కుతుందన్నదే కీలక ప్రశ్న.

2005 జూన్‌లో సల్వా జుడుం మొదలైనప్పుడు అడవి లోపలి పల్లెలను ఖాళీ చేయించి ప్రజలను రహదారి పక్కకు చేర్చారు. అలా వెలసిన పెద్ద శిబిరాల్లో దోర్నపాల్ ఒకటి. ఊరు పెరిగింది, పెరిగిన కారణం మాత్రం భయం. ఆనాటి యువకుల ముందు రెండు దారులే కనిపించాయి. ఒకటి దళం, రెండోది ప్రత్యేక పోలీసు అధికారి కొలువు. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం, చేతిలో ఆయుధం. అయిదో తరగతి చదివి ఉంటే ప్రాధాన్యం. ఈ నియామకాలు రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు వెలువరించిన ధర్మాసనానికి నేతృత్వం వహించినది తెలుగువారైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. చదువు అంతంతమాత్రంగా ఉన్న గిరిజన యువకులను పోరు ముందువరుసలో నిలపడం వారి సమానత్వ హక్కునూ, జీవించే హక్కునూ హరించడమేనన్నది ఆ తీర్పు సారాంశం.

ఆ తర్వాత సరిగ్గా 17 రోజులకు, 2011 జులై 22న, నార్వేలోని ఉటోయా దీవిలో లేబర్ పార్టీ యువజన విభాగం నిర్వహిస్తున్న వేసవి శిబిరంపై ఒక తీవ్ర మితవాది కాల్పులు జరిపాడు. అక్కడ 69 మంది, అంతకు ముందు రాజధాని ఓస్లోలో జరిపిన పేలుడులో 8 మంది ప్రాణాలు కోల్పోయారు. దీవిలో మరణించినవారిలో అధికులు ఇరవై ఏళ్లలోపువారే. హంతకుడు ఎంచుకున్నది రాజకీయాల్లోకి అప్పుడప్పుడే అడుగుపెడుతున్న తరాన్ని.

ఆ దాడి తర్వాత నార్వే యువతను ఇళ్లకు పరిమితం చేయలేదు. మరింత ప్రజాస్వామ్యమే తమ సమాధానమని నాటి ప్రధాని యెన్స్ స్టోల్టెన్‌బర్గ్ ప్రకటించారు. ఆ సెప్టెంబరులోనే స్థానిక ఎన్నికలు యథావిధిగా జరిగాయి. శ్రీలంకలోని జాఫ్నాలో పుట్టి, పసితనంలోనే నార్వే చేరిన తమిళ యువతి కంజీ గుణరత్నం 2007లో, 19 ఏళ్లకే ఓస్లో నగర సభకు ఎన్నికయ్యారు. ఉటోయా నుంచి ఆమె ఈదుకుంటూ ప్రాణాలు దక్కించుకున్నారు. 2015లో ఓస్లో ఉప మేయర్, 2021లో పార్లమెంటు సభ్యురాలు అయ్యారు.

ఇది సాధ్యపడడానికి అక్కడి స్థానిక పాలన తీరు కూడా ఒక కారణం. నార్వేలో 18 ఏళ్లు నిండితే పురపాలక సభకు పోటీ చేయవచ్చు. సభ్యుల్లో అత్యధికులకు అది పూర్తికాల ఉద్యోగం కాదు. పగలు వీడియో గేములకు కోడ్ రాసే యువకుడు సాయంత్రం సభలో కూర్చుని బడి నిధులపై ఓటు వేయగలడు. అన్నింటికీ మించి ఆ ఓటుకు విలువ ఉంది. బడులు, వృద్ధుల సంరక్షణ, తాగునీరు, భూ వినియోగం స్థానిక సభల పరిధిలోనే ఉంటాయి.

సంపన్న నార్వేకూ బస్తర్‌కూ పోలిక అన్ని విధాలా కుదరదు. నార్వేలో జరిగినది ఒక్కరోజు విషాదం. బస్తర్‌లో అది ఏళ్ల తరబడి సాగింది. 2010 ఏప్రిల్ 6న ఇదే జిల్లాలోని తాడిమెట్ల వద్ద 76 మంది భద్రతా సిబ్బంది మరణించారు. 2013 మే 25న ఝీరం లోయలో మహేంద్ర కర్మ సహా కాంగ్రెస్ నాయకులు, 2019 ఏప్రిల్ 9న దంతెవాడ శాసనసభ్యుడు భీమా మండావి మావోయిస్టుల దాడుల్లో హతులయ్యారు. ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో ప్రాణాలు పోగొట్టుకున్న సర్పంచులూ ఉన్నారు. మరోవైపు, మావోయిస్టు సానుభూతిపరులన్న అనుమానంతో ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గిన గిరిజనులూ ఉన్నారు. ఇరువైపులా అనుమానమే రాజ్యమేలిన చోట నామినేషన్ వేయడమే సాహసం.

భద్రత మెరుగుపడిన కొద్దీ ఆ సాహసం తేలికవుతోంది. 2025 ఫిబ్రవరిలో రాష్ట్రవ్యాప్తంగా పుర, పంచాయతీ ఎన్నికలు జరిగాయి. అదే ఏడాది మేలో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు, నవంబరులో సుక్మా జిల్లా పువర్తికి చెందిన మడావి హిడ్మా ఎదురుకాల్పుల్లో మరణించారు. మావోయిస్టు సమస్య అంతానికి కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా ప్రకటించింది. అయితే సాయుధ దళం ఖాళీ చేసిన చోటును ఏ సంస్థ నింపుతుందన్నది ఏ గడువుతోనూ తేలేది కాదు.

రాజ్యాంగం 21 ఏళ్లకే పంచాయతీ సభ్యత్వానికి అర్హత కల్పించింది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు చిన్నతరహా అటవీ ఉత్పత్తులు, సంతలు, చిన్నతరహా ఖనిజాల విషయంలో ప్రత్యేక అధికారాలిచ్చింది. ఛత్తీస్‌గఢ్ దానికి నియమావళిని 2022లో గానీ తీసుకురాలేదు. దోర్నపాల్‌కు ఆ అధికారాలు కూడా అందవు. ఎందుకంటే అది నగర పంచాయతీ. షెడ్యూల్డ్ ప్రాంతాల పట్టణాల కోసం పెసా తరహాలో పార్లమెంటు చట్టం చేయవచ్చని రాజ్యాంగంలోని 243-జడ్‌సీ అధికరణ చెబుతోంది. 2001లో ప్రవేశపెట్టిన బిల్లు చట్టరూపం దాల్చనే లేదు. ఫలితంగా, అడవి పల్లె నుంచి శిబిరానికి వచ్చి పట్టణవాసి అయిన గిరిజనుడు గ్రామసభను పోగొట్టుకున్నాడు. దాని స్థానంలో దక్కిన వార్డు సభ్యత్వానికి అడవిపై గానీ, భూమిపై గానీ అలాంటి హక్కు లేదు.

ఈ లోటు తెలుగు రాష్ట్రాలకూ సంబంధించినదే. సల్వా జుడుం కాలంలో సరిహద్దు దాటిన వేలాది కుటుంబాలు గుత్తికోయలన్న పేరుతో గోదావరి అడవుల్లో నేటికీ గుర్తింపు కోసం ఎదురుచూస్తున్నాయి. స్వస్థలంలో మాట చెల్లుబాటవుతుందన్న నమ్మకం లేనిదే వారిలో ఎందరు తిరుగుముఖం పడతారు?

యువతలో చొరవకు కొదవ లేదు. 2010లో మొదలైన సీజీనెట్ స్వర వేదికలో గిరిజనులు మామూలు ఫోన్‌లోనే గోండీలో తమ సమస్యలను రికార్డు చేసి అధికారుల దృష్టికి తేగలిగారు. సాంకేతికత చేతికందితే ఈ తరం ఏం చేయగలదో అది చూపింది. ఆ గొంతుకు తీర్మానం చేసే హక్కు కూడా తోడవ్వాలి. పాతికేళ్లుగా పెండింగులో ఉన్న చట్టం అందుకు తొలి మెట్టు. ఒకప్పుడు అయిదో తరగతి చదువుతో తుపాకీ అందుకున్న యువకుల పిల్లలు ఇప్పుడు ఓటు హక్కు వయసుకు చేరుతున్నారు. వారికి ఈసారి ఏ దారి తెరుచుకుంటుందన్నదే దోర్నపాల్‌లో శాంతికి అసలు పరీక్ష.