వైజాగ్ వార్ టూర్‌లో ఒక స్టాప్ తక్కువైంది

సెమిస్టర్ సెలవుల్లో మా గ్యాంగ్ తొమ్మిది మందిమి వైజాగ్‌లో ఒకరోజు "వార్ హిస్టరీ టూర్" బుక్ చేసుకున్నాం. ఏసీ వ్యాను, గైడు, మధ్యాహ్నం భోజనం. బాగా ఎంజాయ్ చేశాం, అబద్ధం చెప్పను. కానీ ఇంటికొచ్చాక ఒక విషయం గుచ్చుతూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నా.

ముందు కురుసుర సబ్‌మెరైన్ ఎక్కాం. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నేవీలో చేరింది. 2001లో రిటైరై, 2002 నుంచి ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉంది. 91 మీటర్ల ఇనప గొట్టం. లోపల వంగి వంగి నడుస్తుంటే, డెబ్బై మందికి పైగా మనుషులు ఇందులో రోజుల తరబడి ఎలా బతికారా అనిపించింది. మన హాస్టల్ రూమ్ ఇరుకని ఇక నేను కంప్లైంట్ చేయను.

మావాడొకడు అడిగాడు, "అన్నా, ఘాజీని ముంచింది ఇదేనా?" అని. గైడు నవ్వి "అదే అనుకోండి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

రాత్రి కూర్చుని చదివితే తెలిసింది. 1971 యుద్ధంలో కురుసుర అరేబియా సముద్రంలో ఉంది. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక, వైజాగ్ తీరం దగ్గర. మన విక్రాంత్ కోసం వచ్చింది, కానీ విక్రాంత్‌ని అప్పటికే అండమాన్ వైపు పంపేశారు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జ్‌ల వల్లే ఘాజీ మునిగిందని మన నేవీ చెబుతుంది. ప్రమాదవశాత్తూ పేలిపోయిందని పాకిస్తాన్ అంటుంది. మా బ్యాచ్‌కి తెలిసిందల్లా 2017లో వచ్చిన సినిమానే. అందులో తొంభై మందికి పైగా చనిపోయారు. ఆ శిథిలాలు ఇప్పటికీ మన సముద్రం అడుగునే ఉన్నాయి. విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర మేం పది నిమిషాలు ఆగాం, పదీ ఫొటోలకే పోయాయి. గెలిచినందుకు గర్వపడటం తప్పు కాదు. కానీ గెలుపు కథ కూడా కరెక్ట్‌గా చెప్పాలి కదా?

అసలు విషయం ఇది కాదు. టూర్‌లో 1942 అన్న మాటే రాలేదు.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీద బాంబులు వేశాయి. ర్యూజో అనే విమాన వాహక నౌక నుంచి వచ్చాయి. అదే రోజు కాకినాడ మీద కూడా వేశాయి. వైజాగ్ పోర్టు మొదలై అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. జనం ఊరు ఖాళీ చేసి పల్లెలకి పారిపోయారు. పెర్ల్ హార్బర్ తేదీ నాకు ఎనిమిదో క్లాసు నుంచీ నోటికొచ్చు. ఇది మాత్రం పంతొమ్మిదేళ్లొచ్చాక మామ్మ నోట విన్నాను, అదీ టూర్ నుంచి వచ్చి ఫొటోలు చూపిస్తుంటే.

మామ్మ వాళ్లమ్మకి అప్పుడు పన్నెండేళ్లట. ఇల్లు వన్ టౌన్‌లో. రుబ్బురోలు పక్కింటివాళ్లకి అప్పజెప్పి, ఎండలో బండి కట్టుకుని విజయనగరం వైపు వెళ్లిపోయారట. ఆవిడ బాంబు గురించి కంటే ఆ రుబ్బురోలు గురించే ఎక్కువ చెప్పేదట. తిరిగొచ్చేసరికి అది అక్కడే ఉందని, పక్కింటివాళ్లే లేరని. వాళ్లు ఏమయ్యారో ఎవరికీ తెలీదు. "ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు మామ్మా?" అంటే, "నువ్వు అడిగితే కదరా" అంది.

ఆ రోజు పడిన ఒక బాంబు బీచ్ రోడ్డులోనే విశాఖ మ్యూజియంలో ఉంది. మా వ్యాను ఆ గేటు ముందు నుంచే వెళ్లింది, ఆగలేదు.

"టూర్ అంటే సరదా కోసం, ఏడవడానికా?" అన్నాడు నా రూమ్మేట్. నిజమే. కానీ యుద్ధం అంటే మెషీన్లు మాత్రమే చూపిస్తే, అది గేమ్ ట్రైలర్ లాగే ఉంటుంది. బాంబు పడితే పారిపోయేది మనలాంటి వాళ్లే అని తెలియాలంటే ఒక్క స్టాప్ చాలు. టూర్‌ని అక్కడ మొదలుపెట్టి తర్వాత కురుసురకి తీసుకెళ్తే, సబ్‌మెరైన్ ఎందుకు కావాలో కూడా బాగా అర్థమవుతుంది.

టూర్ వాళ్లు మార్చేదాకా ఆగక్కర్లేదు. 1942లో పదేళ్లున్నవాళ్లకి ఇప్పుడు తొంభై దాటాయి. మీలో వైజాగ్, కాకినాడ వాళ్లుంటే ఈ సెలవుల్లో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, ఫోన్‌లో రికార్డ్ చేయండి. నేను మా మామ్మతో మొదలుపెట్టాను. వాళ్లమ్మని అడిగే ఛాన్స్ మాత్రం నాకు పోయింది.