న్యాయవిద్యకు అహోబిల పాఠము

అహోబిల దేవాలయము అహోబిల మఠమున అంతర్భాగమనియు, దానికి కార్యనిర్వహణాధికారిని నియమించు అధికారము ప్రభుత్వమునకు లేదనియు ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము 2022 అక్టోబరులో తీర్పు చెప్పెను. అందు జోక్యము చేసికొనుటకు 2023 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము నిరాకరించెను. ఇది మఠము గెలుపని సంతసించినవారు కొందరు, ప్రభుత్వపు ఓటమి యని చింతించినవారు మరికొందరు. ఇరువురును అసలు ప్రశ్నను విడిచిరని మా అభిప్రాయము.

మతవిషయములందు సంప్రదాయమునకు స్వాతంత్ర్యము కలదనియు, ఆస్తి నిర్వహణమును మాత్రము శాసనము క్రమపరుపవచ్చుననియు 1954లో శిరూరు మఠము వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము తీర్మానించెను. మన రాష్ట్రపు 1987 నాటి దేవాదాయ శాసనము అర్చకుల వంశపారంపర్య హక్కును తొలగింపగా, 1996లో ఆ న్యాయస్థానమే దానిని సమర్థించెను. ఏది మతము, ఏది లౌకికము అను గీతను గీయు భారము ఇట్లు న్యాయమూర్తులపై బడినది.

అయితే అహోబిలమున మఠమును ప్రభుత్వమును మాత్రమే కలవా? నరసింహస్వామిని తమ ఆడబిడ్డను పెండ్లాడిన అల్లునిగా భావించు చెంచులు కలరు. సంక్రాంతి వెళ్లగానే పారువేటకు బయలుదేరిన స్వామి పల్లకి వారముల తరబడి ఆళ్లగడ్డ ప్రాంతపు పల్లెలలో తిరుగును. శాసనము ధర్మకర్త నెరుగును, ఆస్తి నెరుగును. పల్లకి మోయు బోయీని, స్వామికి బంధువైన చెంచును అది యే పేరున నెరుగును?

న్యాయవాదికి చట్టము చాలును, మతము పండితులకును సంఘము సంస్కర్తలకును విడువుడని కొందరందురు. మా యనుభవము వేరు. దేవాలయ మాన్యముల వ్యాజ్యములు చేపట్టినపుడు సెక్షనులు మాకు కంఠస్థములే. కాని ఆ మాన్యము ఏ సేవకై ఇయ్యబడెనో, ఆ సేవ చేసిన కుటుంబముల గతి యేమయ్యెనో కళాశాలలో మాకెవ్వరును నేర్పలేదు. కక్షిదారుల యరుగుల మీద కూర్చుండి నేర్చికొంటిమి.

చరిత్రయు నిదియే చెప్పుచున్నది. వితంతు వివాహ శాసనము 1856లోనే వచ్చినను, వీరేశలింగము పంతులుగారు శాస్త్రమును వాదించి, వెలికి వెరవక, రాజమహేంద్రవరమున తొలి వివాహము జరిపించుటకు 1881 కావలసివచ్చెను. దేవదాసీ నిషేధ శాసనమును చెన్నపట్టణమున 1947లో చేసిరి. అయినను జోగినీ ఆచారముపై 1988లో మరల శాసనము చేయవలసివచ్చెను. సంఘమును చదువని శాసనము కాగితముగానే నిలుచును.

కావున మతము, శాసనము, సంఘము అను మూటిని ఒక్కచోట చదివించు పట్టభద్రోత్తర విద్య మనకు ముఖ్యావసరము. విశాఖపట్టణమున 2008లో నెలకొన్న న్యాయ విశ్వవిద్యాలయము కర్నూలు చెంతనున్న పెద్దపాడున జన్మించిన దామోదరం సంజీవయ్యగారి పేరు ధరించినది. అట్టి విద్యాలయముల విద్యార్థులు ఒక పారువేట కాలము మా పల్లెలలో గడుపుదురుగాక! ఆగమమును అర్చకునివద్దను, శాసనమును గ్రంథములందును, హక్కు లేని బాంధవ్యమును చెంచుగూడెమునను చదువుదురుగాక!

దేవాలయము ప్రభుత్వమునకా మఠమునకా యని తగవులాడుట సులభము. అది యెవరెవరిదో ముందుగా తెలిసికొనుట విద్య. రేపు న్యాయపీఠముపై కూర్చుండి గీత గీయువారికి ఆ విద్య లేకున్న, గీతకు వెలుపల నిలిచిపోవువారు నోరులేనివారే యగుదురు.