సీలో తెలుగు చదవాలా? ఆ ఒక్క లైన్ మర్చిపోకండి
సీ ట్యుటోరియల్స్ చాలావరకు గెట్‌చార్ దగ్గరే ఆగిపోతాయి. నాకిది అస్సలు నచ్చదు. ‘తెలుగు’ అనే పదం యూటీఎఫ్-8లో 18 బైట్లు. గెట్‌చార్ ఒక్కో బైటే ఇస్తుంది, అంటే అక్షరం ముక్కలన్నమాట. లైనక్స్‌లో ఎఫ్‌గెట్‌డబ్ల్యూసీ వాడితే 6 క్యారెక్టర్లొస్తాయి (గుణింతం గుర్తులు విడిగా లెక్క, అది వేరే తలనొప్పి).

కానీ మెయిన్ మొదట్లోనే ఖాళీ స్ట్రింగ్‌తో సెట్‌లొకేల్‌ని పిలవాలి. లేకపోతే ప్రోగ్రామ్ ‘సీ’ లొకేల్‌లోనే ఉండిపోతుంది, దానికి తెలుగు తెలీదు. నాకు మొదటి అక్షరానికే డబ్ల్యూఈఓఎఫ్ వచ్చింది. ఫైల్ ఖాళీ అనుకుని గంటసేపు దాన్నే తిరగేశా! ఎర్‌నో చూస్తే ఈఐఎల్‌ఎస్‌ఈక్యూ. ఫైల్ అయిపోలేదు, అక్షరమే అర్థం కాలేదు. రెండింటికీ ఒకే జవాబివ్వడం డిజైన్ లోపమేనంటా. మీ పేరు తెలుగులో రాసి ఇవాళే టెస్ట్ చేయండి.