పేరు ఎవరి ఆస్తి?

పుదుచ్చేరిలో ఫ్రెంచి పాలన 1954లో ముగిసినను ఫ్రెంచి భోజనపుటలవాట్లు ఆ పట్టణమును పూర్తిగా విడిచిపోలేదు. చేపల వంటకముల సరసన పుచ్చుకొను తెల్ల ద్రాక్షసారాలలో షాబ్లీ పేరెన్నికగన్నది. లేత పసుపు వన్నె, నాలుకను జివ్వుమనిపించు పులుపు దాని లక్షణములు. మద్యము సంగతి రైతుల పత్రికలో ఏల అని పాఠకులు నొసలు ముడివేయవలదు. త్రాగుటను గూర్చి కాదు, సీసా మీది పేరును గూర్చియే ఈ నాలుగు మాటలు.

షాబ్లీ అనునది ద్రాక్ష రకము కాదు, ఒక ఊరు. బర్గండీ సీమకు ఉత్తరపు కొసన, సెరాన్ నది ఒడ్డున ఉన్నది. అచట పండునది షార్డొనే రకము. అది నేడు ఎన్నో దేశములలో పండుచున్నది. అయితే ప్రాచీన కాలపు ఆల్చిప్పల అవశేషములు నిండిన సున్నపు నేల, చల్లని వాతావరణము కలిసి ఆ పులుపును ఇచ్చుచున్నవి. చలి మేలే కాదు, కీడును చేయును. వసంతములో మంచు కురిసిన రాత్రులందు కొందరు రైతులు చిగుళ్ళపై తెల్లవార్లు నీరు చిమ్ముదురు. ఆ నీరే గడ్డకట్టి చిగురుకు కవచమగును!

పేరుకు కాపలా ఊరక రాలేదు. కల్తీ సరకు, ధరల పతనము భరింపలేక 1907లో దక్షిణ ఫ్రాన్సు ద్రాక్ష రైతులు లక్షలాదిగా వీధులకెక్కిరి. నార్బొన్ పట్టణములో సైన్యము కాల్పులు జరిపి ప్రాణములు తీసినది. ఆ ఏడే కల్తీని అరికట్టు చట్టము వచ్చినది. 1935లో మూలస్థాన నామములను కాపాడుటకు ప్రత్యేక సంస్థ ఏర్పడగా, 1938లో షాబ్లీకి గుర్తింపు లభించినది. ఊరి హద్దు, ద్రాక్ష రకము, దిగుబడి అన్నియు నిబంధనలలో ఉన్నవి. దిగుబడి పరిమితి హెక్టారుకు సుమారు 60 హెక్టోలీటర్లు, అనగా మన ఎకరాకు 2,400 లీటర్లు. అంతకుముందే, 1923లో, అచటి రైతులు సహకార సంఘము పెట్టుకొని సరకును తమ చేతిలోనే ఉంచుకొనిరి. చట్టము కంటె ఈ సంగతియే నాకు ముఖ్యముగా తోచుచున్నది.

ఇక వేసవిలో అదే పుదుచ్చేరిలోని పెద్ద మార్కెట్టును చూడుడు. అచట బంగినపల్లి మామిడి ఉండును. ఆ పేరు నేటి నంద్యాల జిల్లాలోని బనగానపల్లెది. పండు మాత్రము ఏ జిల్లాదైనను, ఏ రాష్ట్రముదైనను అదే పేరుతో అమ్ముడగుచున్నది. 2017లో ఆంధ్రప్రదేశ్‌కు బనగానపల్లె మామిడిపై భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషమే. కాని కాగితము వచ్చినంత మాత్రాన రైతు చేతికి పేరు వచ్చినట్లు కాదు.

కారణము రైతు సోదరులకు విదితమే. పూత దశలోనే తోట గుత్తకు పోవుచున్నది. గుత్తదారు బయానా ఇచ్చి, మార్కెట్టు ధరను చూచి కాయ ముదరకముందే కోయించును. నిషేధమున్నను కార్బైడుతో మగ్గబెట్టువారు కలరు. పుల్లని పండు తిన్న పుదుచ్చేరి గృహిణి నిందించునది గుత్తదారును కాదు, బంగినపల్లిని. పేరు చెడుట రైతు తోటలో, లాభము మరొకరి పెట్టెలో!

గుత్తదారులందరు దుర్మార్గులని నా భావము కాదు. పూత నుండి కోత వరకు మందులకు, నీటికి, కూలికి కావలసిన సొమ్మును వారే సకాలములో తెచ్చి ఇచ్చుచున్నారు. బ్యాంకులు ఆ మూడు నాలుగు నెలల అవసరమును తీర్చగలిగిననాడే గుత్త సడలును. ఒక్కొక్క రైతుకు కాక, పది పదిహేను తోటలవారు కూడిన బృందమునకు స్వల్పకాలిక ఋణమును, కాయలు వేరుచేయుటకు, ఇథిలీన్ గదిలో మగ్గబెట్టుటకు పెట్టుబడిని కలిపి ఇచ్చుట మేలు. డీలర్లు సైతము ఊరి పేరున్న పెట్టెలను కలగలుపు సరకు నుండి వేరుగా ఉంచి అమ్మవలెను.

అధీకృత వినియోగదారుగా నమోదు రుసుమును ప్రభుత్వము 2020లో 500 రూపాయల నుండి 10 రూపాయలకు తగ్గించినది. దరఖాస్తు భారము కాదు. అయితే దానిపై సంతకము చేయు రైతు కోతనాటికి తన తోటకు తానే యజమానిగా ఉండవలెను గదా.